ఎడమచేత్తో ఒలిచిన చెనిక్కాయలు

మొన్న మాండలిన్ పెట్టె లోపలి మఖమల్ గుడ్డ చిరిగిపోయిందని, కొత్తది వేయించడానికి అనంతపురంలో బ్యాగులు కుట్టే అంగడికి తీసుకుపోయాను. కుట్టే ఆయన పాత గుడ్డను ఒక మూల నుంచి పీకేసరికి అడుగున ఒక చెనిక్కాయ దొరికింది. ఎండి, నల్లబడి, బరువే లేనట్టు ఉంది. ఎలుకలు తెచ్చి పెట్టుంటాయి మేడమ్, పారేస్తా అన్నాడు. నేను గబుక్కున చెయ్యి చాపి, లాక్కున్నట్టే తీసుకున్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. ఎలుకలు కాదు, మా జేజి పెట్టింది అని చెప్పబోయి ఊరుకున్నాను. ఒక ముక్క చెబితే మొత్తం చెప్పాల్సి వస్తుంది. వెనకాల ఇంకో ఇద్దరు జిప్పు పోయిన బ్యాగులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇంటికొచ్చాక కూడా ఆ కాయ నన్ను వదల్లేదు. ఆ ఎండాకాలమంతా కడుపులో పెట్టుకు తిరిగిన భయం, ఇన్నేళ్ల తర్వాత, మళ్లీ అట్లాగే లేచి కూర్చుంది.

జేజి అంటే మా నాయన తల్లి. మా ఊరికి పోవాలంటే గుంతకల్లులో విడపనకల్లు బస్సెక్కి, మధ్యలో దిగి నడవాలి. చుట్టుపక్కల చాలామందిది నల్లరేగడి. మా పాలికి మాత్రం ఎర్రనేల వచ్చింది. అందులో వేరుశనగ తప్ప వేరే ఏదీ మాకు అచ్చిరాలేదు, అదీ వాన కరుణిస్తేనే. ఆ వేరుశనగనే మేం చెనిక్కాయలంటాం. ఎండాకాలం వచ్చిందంటే మా ఇంట్లో పడసాల నిండా సంచులే. గోనెపట్టల వాసన, పొట్టు దుమ్ము, జేజి నోట్లో నలిగే ఆకువక్క వాసన, ఈ మూడూ కలిసి మా ఇంటి వాసన. తెల్లారగానే జేజి విత్తనం కాయల మీద నీళ్లు చిలకరించి పట్ట కప్పేది. సంగటి తిని గిన్నెలు కడుక్కునేసరికి పొట్టు కాస్త మెత్తబడేది. అప్పుడు ఇంటి ఆడవాళ్లం చుట్టూ కూర్చుని ఒలవాలి. బొటనవేలితో కాయ ముక్కు మీద నొక్కితే టప్పున విచ్చుకోవాలి, లోపలి గింజ మీద ఎర్రపొర చిట్లకూడదు. పొర చిట్లిన గింజ తినడానికే గానీ మొలవడానికి పనికిరాదు. జేజి పక్కన ఎప్పుడూ ఒక చెంబుడు నీళ్లుండేవి. వేళ్లు ముంచుకుంటూ ఒలిచేది, మా చేతా అట్లాగే ఒలిపించేది. తడి చెయ్యి విత్తనానికి చలవట.

అంతకుముందు రెండేళ్లు మా నాయన విత్తనం కాయల్ని గుంతకల్లు మిషన్లో ఆడించుకొచ్చాడు. రెండేళ్లూ పంట పోయింది. పోయింది వాన లేక, అది ఊళ్లో ఎద్దులక్కూడా తెలుసు. మా జేజి మాత్రం ఒప్పుకోదు. ఆకాశాన్ని ఒక్క మాట అనేది కాదు, అంతా మిషన్ మీదే తోసేది. ఈ తూరి మాత్రం ఇంటి ఆడోళ్ల చేత్తోనే ఒలవాలని, పెళ్లి కాని పిల్ల చెయ్యి తప్పకుండా పడాలని పట్టుబట్టి కూర్చుంది. ఇంట్లో పెళ్లి కాని పిల్లను నేనొక్కదాన్నే. ఆ ఎండాకాలమే నాకు సంగీత కళాశాల ప్రవేశ పరీక్ష.

మాండలిన్ మా ఇంటికి ఎట్లా వచ్చిందో చెప్పాలి. మా మామ పెళ్లిళ్ల బ్యాండులో దాన్ని వాయించేవాడు. బళ్లారిలో వేరే పని దొరికాక మా ఇంట్లో వదిలేసిపోయాడు. తలుపు వెనక మేకుకు వేలాడే దాన్ని నేను బడి నుంచి రాగానే కెలుకుతుండేదాన్ని. గుంతకల్లులో ఇంటర్ చేరాక, రైల్వేలో సిగ్నళ్ల పని చేసే రంగస్వామి సార్ సాయంత్రాలు మాండలిన్ నేర్పుతారని తెలిసింది. కాలేజీ అయ్యాక వాళ్ల క్వార్టర్స్‌కు పోయి, పాఠం చెప్పించుకుని, ఆఖరి బస్సుకు ఇల్లు చేరేదాన్ని. సార్ మొదట చేసిన పని, జంట తీగలన్నీ విప్పేసి ఒంటి తీగలు కట్టడం. జంట తీగల మీద మన గమకాలు పలికేది కష్టం, వేళ్లు తెగుతాయి అన్నారు. ఆంప్లిఫయరు ఊసే లేదు. మా ఊళ్లో కరెంటు ఎప్పుడొస్తుందో మోటార్లు వేసుకునే రైతులకే తెలిసేది కాదు. ఉత్త చెక్క మీద, ఉత్త తీగతో, చెవి దగ్గర పెట్టుకుని నేర్చుకున్న చదువు అది.

మొదటి పాఠాలు నేర్పడం సులువు, కచేరీ వాయించేవాళ్లకు నేర్పడమూ సులువు, మధ్యలో ఉన్నోళ్లతోనే చావు అనేవారు సార్. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అయిపోయి, వర్ణం ఇంకా చేతికి రాని దశ అది. "నువ్వు ఇప్పుడు తోడేసిన పాలు పాపా. పాలూ కాదు, పెరుగూ కాదు. ఇప్పుడు కదిలిస్తే రెండిటికీ చెడతావు," అన్నారు ఒకసారి. అందుకే కొత్త పాట చెప్పకుండా నెలల తరబడి పాతవాటినే కొత్త సాధనలు చేసి ఇచ్చారు. సరళీ వరస మొత్తాన్ని ఒకే తీగ మీద, ఒకే వేలితో, వేలు ఎత్తకుండా జారుస్తూ వాయించాలి. కింది మీటు, పై మీటు ఒకే బరువుతో పడాలి, కళ్లు మూసుకుని వింటే ఏది ఏదో తెలియకూడదు. జంట స్వరాల్లో మొదటిదాన్నే మీటి, రెండోదాన్ని ఎడమచేతి వేలితో తట్టి పలికించాలి. మాండలిన్ తీగ మీటగానే పలికి, వెంటనే చచ్చిపోతుంది. ఆ చచ్చేలోపల ఇంకో స్వరానికి జారి దాన్ని బతికించుకోవాలి. ఆ బతికించుకోవడమే మధ్య దశలో నేర్వాల్సిన విద్య. విసుగొచ్చి ఏడ్చిన రోజులున్నాయి. చిన్నపిల్లలు పక్కన కీర్తనలు వాయించేస్తుంటే నేను ఇంకా సరిగమలే.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది గూడ్సు సాధన. క్వార్టర్స్ వెనకాలే పట్టాలు. గూడ్సు బండి వచ్చిందంటే ఇల్లంతా అదిరి, వాయించకుండానే తీగలు జుమ్మనేవి. కొత్తలో నేను వాయించడం ఆపేసి బండి పోయేదాకా కూర్చునేదాన్ని. బండొచ్చినాదని తాళం నిలబడుతుందా అని కసిరారు సార్. అప్పటి నుంచి బండి రాగానే కావాలని మొదలుపెట్టించేవారు. మన చెయ్యి మనకే వినపడదు, మీటుతున్నామా లేదా తెలియదు, అయినా లోపల లెక్క తప్పకుండా సాగుతుండాలి. ఆఖరి పెట్టె దాటిపోయి నిశ్శబ్దం వచ్చేసరికి, సార్ తొడ మీద వేస్తున్న తాళంలో ఎక్కడుండాలో నేను అక్కడుండాలి. ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా మళ్లీ ఇంకో గూడ్సు కోసం కాచుకోవాలి. గుంతకల్లులో బండ్లకు కొదవేముంది? సార్ భార్య వంటింట్లోంచి నవ్వుతూ కాఫీ తెచ్చిచ్చేది, అది చల్లారేదాకా సార్ తాగనిచ్చేవారు కాదు.

ఇంటర్ పరీక్షలు అయ్యాక సంగీత కళాశాల సంగతి సారే మా నాయనకు చెప్పారు. మాండలిన్‌కు సీట్లు ఒకటో రెండో, ఒక వర్ణం రెండు కాలాల్లో, అంటే ఒకసారి నెమ్మదిగా, ఒకసారి రెట్టింపు వేగంతో, వాయించి చూపాలి. మా నాయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. బీడీ ఆర్పేసి, "ఒక్కతూరి పోయి రా. సీటొస్తే నిన్ను ఆపను. రాకపోతే ఆ డబ్బా అటక మీదికి పోతాది, నువ్వు చేనికాడికి వస్తావు. రెండోతూరి అడగొద్దు," అన్నాడు. దాంట్లో కోపం లేదు, బెదిరింపూ లేదు. రెండేళ్లు పంట పోయిన మనిషి ఇంకెట్లా చెబుతాడు? కానీ ఆ పెట్టె అటకెక్కితే ఇక కిందికి దిగదని నాకు తెలుసు.

పొద్దున సాధన, మధ్యాహ్నమంతా ఒలుపు. మొదటి రెండు రోజులకే నా కుడి బొటనవేలు, చూపుడువేలు పొట్టు గీరుకుని మంటలెత్తాయి. మీటే ప్లాస్టిక్ బిళ్లను పట్టుకునేది ఆ రెండు వేళ్లతోనే. బిళ్ల జారిపోయేది. జేజిని బతిమాలాను, ఈ ఒక్క ఏడాది వదిలెయ్యి అని. ఇత్తనం కన్నా నీ టింగుటింగు ఎక్కువా అంది. అమ్మ మధ్యలో పడి ఏదో అనబోతే ఆమెకూ రెండు తిట్లు పడ్డాయి. అప్పుడు నాకు గొప్ప తెలివి పుట్టుకొచ్చింది. ఎడమచేతి వేళ్లకు తీగల వల్ల కాయలు కాచి గట్టిగా ఉన్నాయి కదా, పొట్టు వాటినేం చేస్తుంది? ఎడమచేత్తో ఒలుస్తాను, కుడిచెయ్యి బాగుపడుతుంది. మొదట తడబడినా రెండు మూడు రోజుల్లో అలవాటైపోయింది. నొప్పి లేదు, గీత పడలేదు. జేజి కూడా మెచ్చుకుంది. చెంబులో వేళ్లు ముంచుకుంటూ, ఒలుస్తూ, వర్ణం నోట్లో పాడుకుంటూ, రెండు పనులూ సాగుతున్నాయని మురిసిపోయాను. కుడిచెయ్యి తేరుకునేదాకా వాద్యం ముట్టకుండా ఉండటం కూడా తెలివైన పనే అనుకున్నాను. నా తెలివి తగలెయ్య.

పరీక్ష ఇంకా కొన్ని వారాలుందనగా సార్ దగ్గరికి పోయాను. వర్ణం మొదలుపెట్టి మొదటి జారు లాగానో లేదో, చూపుడువేలి కొసన చర్మం పెచ్చులాగా లేచి వచ్చింది. కింది పచ్చి కండకు తీగ తగిలింది. ఇంకో వేలితో లాగాను, అదీ అంతే. రోజంతా నీళ్లలో నానీ నానీ, ఏళ్ల తరబడి గట్టిపడిన తోలు మెత్తబడి ఊడొచ్చేసింది. సార్ తాళం ఆపి నా చెయ్యి అందుకుని వెలుతురు వైపు తిప్పారు.

"ఏం చేసినావు పాపా ఈ చేత్తో?"

"చెనిక్కాయలు ఒలిచినా సార్."

"ఎడమచేత్తోనా?"

తలూపాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లేచి పోయి కిటికీ దగ్గర నిలబడ్డారు. ఒక గూడ్సు వచ్చి పోయింది, మేమిద్దరం ఏమీ వాయించలేదు. నాకు మా అటకే కళ్ల ముందు కనపడుతోంది. తర్వాత వచ్చి నా వేళ్లను ఒక్కొక్కటే నొక్కి చూశారు. ఒలవడానికి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కావాలి. ఉంగరపు వేలు, చిటికెనవేలు నీళ్లలో అంతగా మునగలేదు. వాటి కొసలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఈ రెండే మనకు మిగిలినాయి అన్నారు.

కొన్నాళ్లు ఎడమచెయ్యి వాద్యాన్ని ముట్టకూడదన్నారు సార్. ఉత్త తీగను కుడిచేత్తో మీటుతూ వర్ణమంతా నోటితో పాడాలి, రెండు కాలాల్లోనూ. ఆ తర్వాత ఉంగరపు వేలితో ఒంటి తీగ సాధన, మళ్లీ మొదటి సరళీ వరస నుంచి. ఎప్పుడూ వెనక నడిచే వేలు అది, ముందు నడవమంటే మొండికేసింది. నెలల తరబడి విసుక్కుంటూ చేసిన ఒంటివేలి సాధన లేకపోతే నేను ఆ రోజే మానుకునేదాన్ని. మొదటి కాలం నెమ్మదిగా దారికొచ్చింది. రెండో కాలం మాత్రం అనుపల్లవి దగ్గరికి రాగానే, చిటికెనవేలు అందుకోవాల్సిన చోట, ప్రతిసారీ జారిపోయేది. సార్ "మళ్లీ" అనేవారు, అంతే.

ఇంట్లో చెప్పక తప్పలేదు. సాయంత్రం జేజి ముందు చెయ్యి పెట్టాను. ఆమెకు చూపు ఆనదు, మునివేళ్లతో తడిమి చూసింది. కొసన పచ్చిగా తగలగానే తన చెయ్యి వెనక్కి లాక్కుంది. పక్కనున్న చెంబు వైపు చూసింది. లేచి పోయి ఆ నీళ్లను గుమ్మం బయట పారబోసి వచ్చి కూర్చుంది. ఆ రోజు నుంచి నన్ను సంచుల దగ్గరికి రానియ్యలేదు. నా వంతు కూడా తనే ఒలిచింది, పొడి చేత్తో. నేను పడసాల దాటి పోతుంటే తలెత్తి చూసేది కాదు. ఆమెకు నా మీద కోపమా, తన మీద కోపమా, నాకు అర్థం కాలేదు. ఇంట్లో అందరం ఒకరికొకరం అడ్డం పడకుండా తిరిగేవాళ్లం. నాయన మాత్రం ఒకసారి అటక మీది పాత నాగలి సామాను కిందికి దించి ఊడ్చాడు. నా పెట్టెకు చోటు చేస్తున్నాడనుకున్నాను.

పరీక్ష గదిలో ఇద్దరున్నారు. ఒకాయన కోస్తా వైపు మనిషి, తెల్లచొక్కా. పక్కన నడివయసు వయొలిన్ మేడమ్. మొదటి కాలం బాగానే సాగింది, సాగుతోందని తెలిసి ఇంకా భయపడ్డాను. రెండో కాలంలో, ఏ చోట అనుకున్నానో అదే చోట, చిటికెనవేలు జారింది. స్వరం పోయింది. చెవుల్లో హోరు తప్ప ఏమీ వినపడలేదు. కుడిచెయ్యి మాత్రం ఆగలేదు. ఎడమచెయ్యి యాడుందో తెలియకుండా ఉత్త తీగను మీటుతూనే ఉంది, లోపల వర్ణం నడుస్తూనే ఉంది. ఆవర్తనం తిరిగేసరికి ఉంగరపు వేలు సరిగ్గా తన మెట్టు మీద దిగింది. అక్కడి నుంచి చివరిదాకా తప్పు పోలేదు.

తెల్లచొక్కా ఆయన మధ్యలో ఏమైందమ్మా అని అడిగారు. వేలు జారింది సార్ అన్నాను. మరి తిరిగి ఎలా కలుసుకున్నావు అని అడిగారు. గూడ్సు అడ్డమొచ్చింది అనుకుని లోపలే వాయించుకున్నా సార్ అన్నాను, నోటికొచ్చింది అదే. ఆయనకేమీ అర్థం కాలేదు. గుంతకల్లు క్వార్టర్స్ సంగతి మొత్తం చెప్పుకోవాల్సి వచ్చింది. మేడమ్ వింటూ వింటూ, ఆ రెండు వేళ్లతోనే ఎందుకు వాయిస్తున్నావని చెయ్యి చూపించమంది. చూపించాను. కాలిందా అని అడిగింది. చెనిక్కాయలు ఒలిచానన్నాను. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. వెళ్లిరామ్మా అన్నారు. ఆ మాటతో పనైపోయిందనే అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో పెట్టెను ఒళ్లో పెట్టుకుని, దానికి వీడ్కోలు చెప్పుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ బస్సులో ఏడ్చిన ఏడుపు అంతా ఇంతా కాదు.

ఫలితం తెలిసేసరికి మృగశిర కార్తె పోయింది, ఆరుద్ర కూడా పోయింది. మబ్బులు వచ్చేవి, బళ్లారి వైపు పోయేవి. ఊరంతా విత్తే గొర్రులు సిద్ధం చేసుకుని గుమ్మాల్లో నిలబడి చూడటమే. ఒకరోజు ఎస్టీడీ బూత్ అబ్బాయి సైకిల్ మీద వచ్చి గుంతకల్లు నుంచి ఫోన్ ఉందన్నాడు. సార్ గొంతు. సీటొచ్చింది పాపా అన్నారు. ఇంటికి పరిగెత్తుకొచ్చి చెబితే నాయన సరే పో అన్నాడు, మళ్లీ ఆకాశం వైపు చూశాడు. నాకు గెంతాలని ఉంది, ఆ ఇంట్లో గెంతే వీలు లేదు. మా చేతులతో ఒలిచిన విత్తనం సంచుల్లో అట్లాగే ఉంది. ఎర్రపొర ఒక్కటీ చిట్లలేదు, ఒక్క గింజా నేల చూడలేదు.

ఇప్పుడు మధ్య దశ పిల్లలకు నేనే నేర్పుతున్నాను. శ్రుతి ఫోన్లో ఉంటుంది, తాళం ఫోన్లో ఉంటుంది, సాధనలు వీడియోల్లో వస్తాయి. ఆ ఎక్సర్‌సైజు అయిపోయింది మేడమ్, ఇంకోటి పంపండి అని తల్లులు మెసేజీ పెడతారు. అయిపోవడమేందమ్మా, అదేమన్నా ఇడ్లీనా అని కోపమొస్తుంది. కోపాన్ని దిగమింగి, పిల్లను తీసుకురండి, చెయ్యి చూస్తాను అని రాస్తాను. వాళ్ల వేళ్లు పట్టుకుని చూస్తాను. మంచి పిల్లలే, మంచి వాద్యాలే, మా కాలం కన్నా చెవులు చురుకే. వాళ్లకు గూడ్సు బండి లేదు. ఆ హోరును ఎక్కడి నుంచి తెచ్చివ్వాలో నాకు తెలియడం లేదు. ఒక్కోసారి వాళ్లు వాయిస్తుండగా మిక్సీ వేస్తాను. నవ్వుతారు, ఆపేస్తారు. మా ఊళ్లో ఇప్పుడు ఆడవాళ్లెవరూ విత్తనం ఒలవరు. మందు పట్టించిన గింజలు సంచుల్లో వస్తున్నాయి. వేళ్లకు అది మంచిదే, కాదననను. వాన సంగతి మాత్రం అప్పటి మాదిరే ఉంది.

నేను కళాశాలకు బయలుదేరే రోజు జేజి పొయ్యి మీద పెద్ద బాణలి పెట్టి, విత్తనం సంచి మూతి విప్పింది. విత్తనాన్ని తినడానికి వేయించడం మా ఇంట్లో నేను చూడటం అదే మొదలు. అమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది. నాయన బయటికెళ్లిపోయాడు. జేజి గంటెతో తిప్పి తిప్పి వేయించి, ఉప్పునీళ్లు చల్లి, డబ్బాకెత్తి నా ట్రంకులో పెట్టింది. తర్వాత మాండలిన్ పెట్టె తెరవమంది. ఒలవకుండా మిగిలిన కాయ ఒకటి చెవి దగ్గర ఆడించి చూసి, మఖమల్ గుడ్డ మూల ఎత్తి కిందికి తోసింది. నా ఎడమచెయ్యి పట్టుకుని, గింజ ఎండిందో లేదో చూసినట్టు, ఒక్కొక్క వేలికొసనూ గోటితో నొక్కి చూసింది. కొత్త తోలు వచ్చి గట్టిపడుతోంది.

"ఇత్తనమైతే మొలవలేదు," అంది. "ఒలిచిన చెయ్యన్నా మొలవనీ. పో."